విద్యాహక్కు చట్టం గారికి, ఇంకా పుట్టని మా మనవరాలి తరఫున

బాలల ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం-2009 గారి సముఖానికి,

నర్సంపేట దారిలో ఉన్న ఒక పల్లె నుంచి, ఒకప్పుడు సర్కారు బడి యాజమాన్య కమిటీలో తండ్రి హోదాలో కూర్చుని, ఇప్పుడు తాత హోదాలో అరుగు మీద కూర్చున్న ఒకాయన నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

మేమంతా ఇక్కడ క్షేమం. మా మనవరాలికి మూడేళ్లు నిండాయి. అలుగుతుంది, అబద్ధాలాడుతుంది, ఎవరి ఫోను మీద ఏ గీత గీస్తే తెరుచుకుంటుందో దానికి తెలుసు. ఇంత జరిగినా మీ దృష్టిలో అది ఇంకా పుట్టలేదు. బాలుడైనా బాలికైనా ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసున్నవారే అని మీ రెండో సెక్షన్‌లో రాసుకున్నారు. మరి మా ఇంట్లో తిరుగుతున్నది ఎవరో మీరే సెలవివ్వాలి.

కాస్త గట్టిగా మాట్లాడితే ఏమీ అనుకోకండి. పిల్లల మనసు నొప్పించకూడదని మీ 17వ సెక్షన్ చెబుతున్న సంగతి నాకు తెలుసు. కానీ మీరు అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. మీకు పద్నాలుగు దాటిపోయాయి కాబట్టి ఆ రక్షణ ఇక మీకు లేదు.

ముందు మీ వంశచరిత్ర. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్లు నిండేవరకూ ప్రతి బిడ్డకూ చదువు ప్రాథమిక హక్కే అన్నది. ఆ కేసులో ఎదుటి పక్షం ఎవరో కాదు, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రమే. ఆ తీర్పు పద్నాలుగు అనే పై హద్దు పెట్టింది గానీ, ఆరు అనే కింది హద్దు పెట్టలేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చి ఆ హక్కును 21-ఎ అధికరణంలో ప్రతిష్ఠించింది. ప్రతిష్ఠించేటప్పుడు ఆరేళ్లలోపు వాళ్లను ప్రహరీ బయటే నిలబెట్టింది. వారిని 45వ అధికరణానికి అప్పజెప్పి, వారి ఆలనాపాలనకు, చదువుకు రాజ్యం ప్రయత్నించాలని చెప్పి చేతులు దులుపుకుంది. అది ఆదేశిక సూత్రం. ప్రయత్నించకపోతే కోర్టు మెట్లెక్కి నిలదీయడానికి వీల్లేదు. మీరూ ఆ ఆనవాయితీ తప్పలేదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాటు చేయవచ్చని మీ 11వ సెక్షన్‌లో అన్నారు. చేయకపోయినా మీరేమీ అనుకోరన్నమాట. కరెంటు బిల్లు విషయంలో నాకూ ఇలాంటి సెక్షన్ ఒకటి ఉంటే హాయిగా ఉండేది.

మీరు వద్దన్న పిల్లలను రమ్మనేవారు మాత్రం ఉన్నారు. పొద్దున ఏడున్నరకల్లా పసుపు రంగు బస్సు ఊళ్లోకి వస్తుంది. వేపచెట్టు దగ్గర ఆగి హారన్ కొడితే, మెడకు టై, వీపున తమకంటే బరువైన సంచితో మూడేళ్లవాళ్లు, నాలుగేళ్లవాళ్లు బయలుదేరుతారు. ఎక్కడానికి మెట్టు అందదు. డ్రైవరు దిగివచ్చి ఒక్కొక్కరిని చంకలో చేయి వేసి పైకి లేపుతాడు. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. ఇలా మూడేళ్లు ఫీజు కట్టించుకున్నాక, ఆరేళ్లు నిండిన రోజున మీరు నిద్రలేచి ‘రండి, ఉచిత విద్య’ అంటారు. ఎవరొస్తారు? అప్పటికి ఆ పిల్లకు అక్కడ స్నేహితులున్నారు, బస్సులో కిటికీ పక్క సీటు ఉంది, తల్లిదండ్రులకు పాత బాకీ కూడా ఉంది.

జనానికి ఇంగ్లిషు మోజు అని పెద్దలు విసుక్కుంటారు. మోజు ఉంది, కాదనను. కానీ 2022-23 నుంచి మన తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఒక పేజీలో ఇంగ్లిషు, పక్క పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు కూడా ఇచ్చారు. దాంతో పసుపు బస్సు ఆగిందా అంటే, మా ఊరి వరకు ఆగలేదు. బస్సు మూడేళ్లకే తీసుకెళ్తుంటే ఒకటో తరగతి గుమ్మం దగ్గర ఏ మీడియం బోర్డు పెట్టి ఏం లాభం? ఒకటో తరగతిలో చేరేవారు లేక బడి చిక్కిపోతుంది, చిక్కిన బడి నుంచి టీచరును మరో బడికి పంపుతారు, టీచరు లేని బడికి ఎవరూ రారు. ఈ మొత్తానికి హేతుబద్ధీకరణ అని పేరు. 2024-25 కేంద్ర గణాంకాల్లో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు మన రాష్ట్రంలోనే 2,000కు పైగా తేలాయి. ఆ బడుల్లో క్రమశిక్షణ అమోఘం అని విన్నాను.

మీ 13వ సెక్షన్ గురించి కూడా ఒక మాట. చేర్చుకునేటప్పుడు విరాళం అడగకూడదు, పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదు, పెడితే మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా అన్నారు. చదివి మురిసిపోయాను. హనుమకొండలో ఒక బడికి ఎల్‌కేజీ సీటు కోసం వెళ్తే మా అమ్మాయిని, అల్లుడిని కూర్చోబెట్టి చదువెంత, జీతమెంత అని అడిగారు. పిల్లను రంగులు చెప్పమన్నారు. అది అన్నింటికీ ‘ఎరుపు’ అని జవాబిచ్చింది. ఆ గదిలో నిజాయితీగా మాట్లాడింది అదొక్కతే. మీ పేరెత్తితే ఆ బడివారు నవ్వారు. ఆరేళ్లు నిండనివాళ్ల జోలికి మీరు రారన్న ధీమా వారిది.

ఇక అసలు సంగతికి వస్తాను. పిల్లను బస్సెక్కించే స్తోమత లేని తల్లుల సంగతి.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్లకు వెళ్లి చూడండి. మా చెల్లెలిని ఇచ్చింది అటే. తల్లి ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు, దారం. చాట అంచు పట్టుకుని లేచి నిలబడటం నేర్చుకుంటున్న పిల్లవాడు. ఆకు కత్తిరించడం అయిపోగానే ఆమె కత్తెరను మోకాలి కింద దాచేస్తుంది. వాడు తంబాకు ఘాటుకు తుమ్ముతాడు, ఆమె తల ఎత్తకుండానే ‘చిరంజీవ’ అంటుంది, చుట్టడం ఆగదు. ఆగితే ఆ రోజు లెక్క పూర్తికాదు. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం, పనిచేసే చోట పసిపిల్లలకు సంరక్షణ గది ఉండాలన్నది. కానీ కార్ఖానా అనేది ఆకు తెచ్చుకుని కట్టలు అప్పజెప్పే చోటు మాత్రమే, పని జరిగేది ఇంట్లో. ఇల్లే పనిచోటు, ఇంట్లోనే పిల్లవాడు, సంరక్షణకు తల్లి. ఇంత పక్కాగా, పైసా ఖర్చు లేకుండా అమలైన సెక్షన్ మరొకటి ఉంటే చూపించండి.

మీ చుట్టాల్లో తలలు లెక్కపెట్టే అలవాటు కూడా ఉంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టానికి ముప్పై మందికి మించి ఆడవాళ్లు పనిచేస్తుంటేనే పసిపిల్లల గది గుర్తుకొచ్చేది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణకు యాభై మంది ఉద్యోగులు కావలసి వచ్చింది. పిల్లవాడు ఏడవాలనుకుంటే ముందు తల్లి పక్కన ఎంతమంది ఉన్నారో చూసుకుని ఏడవాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కొంత నయమనిపించింది. ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు పనిచోటికి వస్తే, కూలీల్లోనే ఒకామెను వారిని చూసుకోవడానికి పెట్టి కూలి ఇవ్వాలన్నది. మా చెరువు పూడిక పనికి నలుగురే వచ్చినప్పుడు, ఐదోవాడిని పక్క ఊరి నుంచి అరువు తెద్దామా అని ఆడవాళ్లు నవ్వుకున్నారు.

మిరప తోటకు ఆ మాత్రం చట్టం కూడా లేదు. సంక్రాంతి దాటితే మాకు కాయ ఏరే కాలం. తెల్లవారకముందే కూలీల ఆటో వస్తుంది. అంగన్‌వాడీ తలుపు తొమ్మిదికి తెరుచుకుంటుంది. ఆ మధ్య గంటల్లో పసివాడిని ఎవరు చూడాలి? అక్క చూడాలి. అక్కకు ఏడేళ్లు. మీ నిర్వచనం ప్రకారం నిఖార్సైన బాలిక, రాజ్యాంగ హక్కు ఉన్న పౌరురాలు. ఆమె హక్కు కాస్తా తమ్ముడి ఉయ్యాల దగ్గర కాపలా కూర్చుంటుంది. వాడికి హక్కు లేకపోవడం వల్ల ఆమెకున్న హక్కూ చెల్లకుండా పోతోందని, ఇన్నేళ్లలో మీకు ఎవరూ చెప్పలేదా?

మా బడి టీచరమ్మ మంచి మనిషి. తమ్ముడిని కూడా తీసుకురమ్మన్నది. అక్క రెండో తరగతి బల్ల మీద, వాడు బల్ల కింద. అందరూ ఎక్కాలు అప్పజెబుతుంటే వాడూ చేయి ఊపుతాడు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉన్న రోజున చిక్కు వచ్చింది. హాజరు పట్టీలో లేనివాడికి గుడ్డు లేదు. అక్క తన గుడ్డును దారంతో రెండుగా కోసి, పచ్చసొన ఎక్కువున్న ముక్క వాడికిచ్చింది. 2010 నుంచి నేను చూసిన మీ సవరణల్లో అదొక్కటే పనికొచ్చే సవరణ.

అంగన్‌వాడీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైంది, ఇప్పుడు మన రాష్ట్రంలో 35,000కు పైగా కేంద్రాలున్నాయి. 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ రోజుకో పూట అన్నం, పాలు, గుడ్డు పెడుతున్నారు. మంచి పనిని మంచిదనే అంటాను. కానీ అక్కడి టీచరు పిల్లల బరువు తూచాలి, గర్భిణుల లెక్క రాయాలి, పసిపిల్లలకు బాలామృతం పిండి పంచాలి, ఫోనులో ఫొటోలు ఎక్కించాలి. మిగిలిన సమయంలో పాట నేర్పాలి. దీనికంతా ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. గౌరవం ఎంత ఇస్తున్నారో తెలియదు గానీ, వేతనం విషయంలో ఆమె తరచూ వరంగల్ కలెక్టరేట్ ముందు ఎండలో కూర్చుంటుంది.

సర్కారు బడి టీచరుదీ అదే పరిస్థితి. మీ 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరో పనికి ఆయనను వాడకూడదు. 2024 నవంబరులో ఇంటింటి సర్వే వచ్చింది. ప్రాథమిక బడులను ఒంటిగంటకే మూసి టీచర్లను గడపగడపకూ పంపారు. సర్వే అవసరమే కావచ్చు. ఆ మధ్యాహ్నాల్లో మీరెక్కడున్నారు అన్నదే నా ప్రశ్న. సర్వే వారికి దొరికారా?

ఇక బడుల బాగు కోసమంటూ వచ్చిన పథకాల బోర్డుల సంగతి క్లుప్తంగా. 2022లో ‘మన ఊరు - మన బడి’ బోర్డు, 2024లో ‘అమ్మ ఆదర్శ పాఠశాల’ బోర్డు. మా బడి గోడకు విద్య కంటే రంగులే ఎక్కువ అబ్బినట్టున్నాయి.

మేం చేతకానివాళ్లం కాదు. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచిన పి.వి. నరసింహారావు మా పక్కనున్న లక్నేపల్లిలో పుట్టినవారే. ఇప్పుడు గురుకులాల్లో ఐదో తరగతి సీటు కోసం పల్లెలన్నీ ప్రవేశ పరీక్ష రాయిస్తున్నాయి. పదేళ్ల పిల్లకు మంచం, పుస్తకం, మూడు పూటలా భోజనం ఇవ్వగల ప్రభుత్వానికి మూడేళ్ల పిల్ల కనబడదు. చట్టం చేసే అధికారం లేదా అంటే, విద్య ఉమ్మడి జాబితాలోనే ఉంది. బడుల్లో తెలుగు తప్పనిసరి అంటూ 2018లో మన శాసనసభ చట్టం చేయనే చేసింది. 2025లో కొన్ని సర్కారు బడుల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరిచారు కూడా. దయతో తెరిచిన తలుపు దయ తగ్గితే మూసుకుంటుంది. అందుకే చట్టంలో రాయమంటున్నాను.

ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు ఇవ్వాలని మీరు చెప్పిన 25 శాతం సీట్లు కూడా అడగండి అని మిత్రులు అన్నారు. రాష్ట్రం ఏర్పడిన తొలి పదేళ్లలో ఒక్క ఏడాదైనా అవి ఇక్కడ అమలు కాలేదు. అమలైతే సంతోషమే. కానీ సర్కారు సొమ్ముతో పిల్లలను పసుపు బస్సెక్కించడం మీద నాకు పెద్ద ఆశ లేదు.

నాకు కావలసినవి తక్కువ. రెండో సెక్షన్‌లో ఆరును మూడు చేయండి. ఢిల్లీలో అది కదలకపోతే మన శాసనసభ తన చట్టం తాను చేసుకోవాలి. ప్రతి ప్రాథమిక బడిలో మూడేళ్లవారికి ఒక గది, వారి కోసమే ఒక టీచరు, ఒక ఆయా. మిరప కాలంలో ఆ గది తలుపు కూలీల ఆటో కదలకముందే తెరవాలి, ఆటో తిరిగివచ్చాకే మూయాలి. బీడీలు చుట్టే ఊళ్లలో ఇళ్ల మధ్యనే ఒక సంరక్షణ కేంద్రం ఉండాలి, తలలు లెక్కపెట్టకుండా. ఇంతే.

ఇట్లు,
అరుగు మీది తాత

నకలు: భారత రాజ్యాంగం 45వ అధికరణం గారికి, తగు ప్రయత్నం నిమిత్తం.