నాలుగు డ్రమ్ముల బ్రేకు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ సర్వీసు యాభై ఏళ్లు దాటింది. సర్కారు కొలువులో అయితే శాలువా కప్పి ఎప్పుడో ఇంటికి పంపేవాళ్లు. మీరు మాత్రం మా పెద్దబాపు జీపు పికప్ కింద ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. ఆఫీసు మర్యాద కూడా తప్పలేదు. పెడల్ మొదటిసారి తొక్కితే అర్జీ అందుతుంది, రెండోసారికి పరిశీలనలో ఉంటుంది, మూడోసారికి మంజూరవుతుంది. ఈలోగా హనుమకొండ చౌరస్తాలో మా ముందున్న ఆటోవాలా అదృష్టం ఎట్లుంటే అట్లా.

మీరు చక్రాల లోపల కూర్చుంటారు కాబట్టి తెలియదేమో, మీ చుట్టూ బండి మొత్తం మారిపోయింది. పెట్రోలు ఇంజను పోయి డీజిల్ ఇంజను వచ్చింది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ఇంకో వరస ఎక్కాలని వెనక కమాన్ పట్టీలు పెంచారు. లారీ హారన్ బిగించారు. ఉరకడానికి, మోయడానికి, మోగడానికి డబ్బులు దొరికాయి. ఆగడం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పెద్దబాపుకు చరిత్ర మీద ప్రేమ పుడుతుంది. "ఒరిజినల్ పోతే బండికి ఇజ్జత్ ఉంటదారా?" అంటాడు.

వింటేజ్ నంబరు తీసుకుంటాడట. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా కొత్తగా రిజిస్టర్ చేస్తే 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, దానికి ఫీజు 20 వేలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండొద్దు, ఆ బండిని రోజువారీ పనులకు, వ్యాపారానికి వాడొద్దు. ఇవన్నీ చదివి వినిపించాను. ఇంజను మారిన, మిర్చి మోసే బండి యజమానికి అందులో 'యాభై ఏళ్లు' అన్న ముక్క ఒక్కటే వినిపించింది.

మీ గుణాల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది మీ ఐకమత్యం. నలుగురికీ ఒకే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది), ఒకే ఆయిల్ లైను. ఏదో ఒక చక్రం దగ్గర రబ్బరు కప్పు అరిగి ఆయిల్ కారిందంటే నలుగురూ కలిసి సమ్మెకు దిగుతారు. ముందుకొకటి, వెనకకొకటి వేరు లైన్లుంటే సగమన్నా పని జరిగేది. అమెరికాలో 1968 నుంచే కొత్త కార్లకు ఆ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ కబురు మీ దాకా ఇంకా వచ్చినట్టు లేదు.

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేటప్పుడు చూడాలి మీ తడాఖా. వేడికి చక్రంతో తిరిగే డ్రమ్ము వ్యాకోచించి, దాన్ని లోపలి నుంచి ఒత్తి ఆపే బ్రేక్ షూలకు దూరం జరుగుతుంది, షూల మీది లైనింగ్ పట్టు తగ్గుతుంది. ఆయిల్ సంగతి ఇంకా ఘోరం. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. గాలిలో తేమ పీల్చి పీల్చి పాతబడ్డాక 140 దగ్గరే మరగొచ్చు. మరిగితే లైనులో ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తగా నేలకు ఆనుతుంది. అప్పుడు పెద్దబాపు కూడా చరిత్ర వదిలేసి గేరు పట్టుకుంటాడు.

ఇక మీ వైద్యులు. ఒక మేస్త్రి "ఆయిల్ తక్కువుంది, ఇంజనాయిల్ పోద్దాం, ఏదైతేనేం" అన్నాడు. అది తగిలితే మీ రబ్బరు కప్పులు ఉబ్బి పాడవుతాయని ఆయనకు చెప్పేదెవరు? పెద్దబాపు వైద్యం ఇంకొకటి. భద్రకాళి గుడి ముందు పూజ చేయించి, నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించాడు. బండి వాటిని తొక్కుకుంటూ పోయింది. బండి ఆగలేదని ఆ రోజు మాత్రమే అందరం సంతోషించాం.

న్యాయంగా మాట్లాడాలంటే మీలో ఒక పనితనం ఉంది. చక్రం తిరిగే ఊపునే వాడుకుని డ్రమ్ములోని రెండు షూల్లో ముందుది తనంతట తానే బిగుసుకుంటుంది. చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా నొక్కి ఆపే డిస్కు బ్రేకుకు ఆ విద్య రాదు, కాలి బలం ఎక్కువ కావాలి, అందుకే ఆ బలాన్ని పెంచే బూస్టర్ పెట్టాలి. బూస్టర్‌కు వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ, కావాలి. పెట్రోలు ఇంజను అయితే ఊరికే ఇచ్చేది, డీజిల్‌కు దానికోసం విడిగా ఒక పంపు ఉండాలి. ఒక్క ఇంజను మార్చినందుకు ఎన్ని ఖర్చులో చూడండి.

కాబట్టి ఉత్తర్వులు ఇవి. ముందుగా ముందు, వెనక లైన్లను వేరుచేసే రెండు గదుల మాస్టర్ సిలిండర్ వస్తుంది. ముందు చక్రాల్లోని మీ ఇద్దరూ డిస్కులకు చార్జి అప్పగించాలి. వెనక ఇద్దరికీ సర్వీసు పొడిగించాం, అయితే ఖాళీ బండిలో మీరు అత్యుత్సాహంతో చక్రాలు బిగబట్టకుండా మీ పైన ఆయిల్ ఒత్తిడి తగ్గించే ఒక వాల్వ్ కూర్చుంటుంది. ఖర్చు నాది, ఇజ్జత్ పెద్దబాపుది.

పోయేవాళ్లు పోతూ పోతూ ఆయిల్ మాత్రం కార్చకండి. బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేస్తుంది. పెద్దబాపు మొన్ననే బండికి కొత్త రంగు వేయించాడు, అది కూడా ఒరిజినల్ కాదు.

ఇట్లు,
పక్క సీట్లో కూర్చుని ఉత్తుత్తి బ్రేకు తొక్కే మీ విధేయుడు