సవరణ: క్రిసోస్తోము చనిపోయింది కుకుసులో కాదు

కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు యోహాను క్రిసోస్తోము మీద పెట్టిన గత పోస్టులో, తూర్పు రోమన్ చక్రవర్తి భార్య యుడోక్సియా మహారాణి పగబట్టి ఆయన్ని కుకుసుకు పంపిందనీ, అక్కడే కన్నుమూశాడనీ ఉంది. దీన్ని ఇలా చదువుకోండి.

ఆయన్ని వెళ్లగొట్టింది ఒకసారి కాదు, రెండుసార్లు. 403లో చాల్సెడాన్ దగ్గర కూడిన సభ పదవి నుంచి దించింది గానీ, కొద్దిరోజులకే వెనక్కి రప్పించారు. 404 జూన్‌లో మళ్లీ పంపేశారు. ఈసారి కుకుసుకు. అంటే ఇప్పటి టర్కీలోని గోక్సున్. అక్కడి చలికాలం ఎలా గడిచిందో కాన్‌స్టాంటినోపుల్‌లో తనకు ఆప్తురాలైన సంఘ పరిచారిక ఒలింపియాస్‌కు ఆయన రాసిన ఉత్తరంలోనే ఉంది: వాంతులు, తలనొప్పి, నిద్ర లేకపోవడం, ఒకే గదిలో దుప్పట్లు కప్పుకుని, నిప్పు రాజేసుకుని, ఆ పొగంతా భరిస్తూ గడప దాటకుండా ఉండిపోవడం.

అంత జబ్బులోనూ ఉత్తరాలు ఆపలేదు, చూడవచ్చేవాళ్లూ తగ్గలేదు. పై వాళ్లకు కంటగింపు అదే. 407లో నల్లసముద్రం ఒడ్డున ఉన్న పిత్యూస్‌కు తరలించమన్నారు. అక్కడిదాకా చేరనేలేదు, దారిలో కొమానా దగ్గర సెప్టెంబరు 14న పోయాడు.

రాణి పగ సంగతి: మొదటి గొడవల్లో ఆమె చెయ్యి ఉన్న మాట నిజమే. కానీ యుడోక్సియా 404 అక్టోబరులోనే చనిపోయింది. పిత్యూస్ ఆజ్ఞను ఆమె నెత్తిన రుద్దడం కుదరదు.