కొబ్బరి వాసన అన్నందుకు నవ్వారండి

నిన్న పొద్దున్నే షిరిడీ రైలు దిగాను. బ్యాగు ఇంకా విప్పలేదు. ఇది రాయకపోతే ఇవాళ కూడా నిద్రపట్టదని రాస్తున్నాను. విషయం చాలా చిన్నదని నాకూ తెలుసు. నాసిక్‌లో వైన్ గ్లాసులో వాసన చూసి కొబ్బరి అన్నాను. పదిమంది నవ్వారు. అంతే. కానీ నేను కోనసీమలోని అంబాజీపేటలో ఇరవై రెండేళ్లుగా కొబ్బరి వ్యాపారం చేస్తున్న మనిషిని. కురిడీ కాయ, అంటే నీళ్లు ఇంకి లోపలే ఎండిన కాయ, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల కొబ్బరి గుడ్డు చిప్పని వదిలిందో లేదో చెప్తాను, పగలగొట్టకుండానే బూజు పట్టిన కాయని పక్కన పెడతాను. ప్రపంచంలో ఇంకే వాసనా తెలియదంటే ఒప్పుకుంటానుగానీ కొబ్బరి వాసన తెలియదంటే ఎలా ఊరుకుంటానండీ?

మొదటి నుంచి చెప్తాను. కార్తీకం వెళ్లాక అమ్మ మొక్కు తీర్చాలని కాకినాడ నుంచి షిరిడీ వెళ్లే రైలెక్కాం. అమ్మ, మా ఆవిడ, అక్క, మా బావగారు. బావగారు హైదరాబాద్ నుంచి రైలెక్కారు, ఏసీలో. మేం స్లీపర్లో. సరే అది వేరే కథ. బాబా దర్శనం అయింది, శని సింగణాపూర్ అయింది, నాసిక్ దగ్గర త్రయంబకం వెళ్లాం. కుశావర్తం కోనేట్లో అమ్మ మూడు మునకలు వేసి సీసాలో నీళ్లు పట్టుకుంది. ఆ కొండల్లో పుట్టిన గోదావరిని చూసి, "ఇదేంట్రా నాయనా, మన పంట కాలువంత కూడా లేదు" అంది. రావులపాలెం వంతెన మీంచి గౌతమిని చూస్తూ బతికిన మనిషికి అలాగే ఉంటుంది మరి. అక్కడ బయల్దేరి 1,465 కిలోమీటర్లు నడిచి మన అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే తల్లి అదేనంటే ఆవిడ నమ్మలేదు.

ఇక మా బావగారు మొదలుపెట్టారు. "నాసిక్ దాకా వచ్చి వైన్ టేస్టింగ్ చెయ్యకుండా వెళ్తే మనల్ని ఏమంటారు?" ఎవరూ ఏమీ అనరు బావా అన్నాను. వింటేగా. తీర్థయాత్రకి వచ్చి రెండో తీర్థం కూడా అయిపోవాలి ఆయనకి. ఆడవాళ్లని వ్యాన్లో కూర్చోబెట్టి, అమ్మ ఒళ్లో కుశావర్తం నీళ్ల సీసా, అక్క చేతిలో విభూది పొట్లం, మేమిద్దరం ఒక వైనరీ లోపలికి, అంటే వైన్ తయారుచేసే చోటికి, వెళ్లాం. మనిషికి వెయ్యి రూపాయల పైనే తీసుకున్నాడు. ఆ వైనరీ పేరు చెప్పను, వాళ్లకి ఉచిత ప్రచారం ఎందుకు.

మన వైపు వైన్ అంటే ఏంటో మీకు తెలుసుగా. బోర్డు మీద పెద్ద అక్షరాలతో వైన్స్ అని ఉంటుంది, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. గవర్నమెంటు షాపులు పోయాయి, 2024 అక్టోబర్లో మళ్లీ ప్రైవేటు షాపులొచ్చాయి, 99 రూపాయల క్వార్టరొచ్చింది, ఆ బోర్డు మాత్రం మారలేదు. వైన్స్ ముందు నిలబడి బ్రాందీ అడిగే జాతి మనది. అందుకే నేను బుద్ధిగా నేర్చుకుందామనే వెళ్లాను, నిజంగా.

నేర్చుకున్నాను కూడా. గైడు కుర్రాడు బాగానే చెప్పాడు, అబద్ధం ఎందుకు. నల్ల ద్రాక్ష పిండినా రసం దాదాపు తెల్లగానే ఉంటుందట, రంగంతా తొక్కలోదట. అందుకే రెడ్ వైన్ని తొక్కలతో పాటే పులియబెడతారు, వైట్ అయితే ముందే పిండి రసం తీసేస్తారు. నోరు వగరెక్కేది కూడా ఆ తొక్కల వల్లే, గింజల వల్లే. ఆ దేశాల్లో చలికి తీగ నిద్రపోతుందట, మన ఎండలకి అది నిద్రే పోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంటే తీసుకుంటారు. కోతలు జనవరి నుంచి మార్చి దాకా. మేం వెళ్లినప్పుడు తోటలో కోతకొచ్చిన గుత్తి ఒక్కటీ లేదు. మా బావగారు మధ్యలో చెయ్యెత్తి "ఈ ఎరుపు రంగు బయట నుంచి కలుపుతారా?" అని అడిగారు. తొక్కల గురించి చెప్పిన రెండు నిమిషాలకి! దానికి ఆ కుర్రాడు "గుడ్ క్వశ్చన్ సర్" అన్నాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

తర్వాత పోశాడు. పోశాడు అనడం కూడా ఎక్కువే, గుళ్లో పూజారిగారు ఉద్ధరిణితో తీర్థం ఇస్తారే, అంత. చెయ్యి తల మీద రాసుకోవాలేమో అని నాకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ముందు వెలుతురుకి పెట్టి చూడాలట, తిప్పాలట, ముక్కు గ్లాసులో పెట్టాలట, నోట్లో పుక్కిలించాలట, పక్కనే చిన్న బక్కెట్టు, ఇష్టమైతే అందులో ఉమ్మెయ్యాలట. వెయ్యి రూపాయలు తీసుకుని ఉమ్మమంటాడేంటండీ. నేను ఒక్క చుక్క ఉమ్మలేదు, ఆయ్.

రెండో గ్లాసు సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్. ఏం వాసన వస్తోంది అన్నాడు. అందరూ గూస్‌బెర్రీ అన్నారు, ఎందుకంటే టేబుల్ మీద కార్డులో అదే రాసి ఉంది. గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయ అని మా బావగారు నాకు తెలుగులో అర్థం చెప్పారు. ఉసిరికాయకి వాసనేంటి? కొరికితే పులుపు, నీళ్లు తాగితే తీపి, వాసన ఎక్కడిది? నాకు దోర జామకాయ వాసన వచ్చింది. నోరు మూసుకున్నాను.

ఐదోది రెడ్ వైన్, చెక్క పీపాల్లో ఏడాది పైన దాచిందట. ముక్కు పెట్టగానే నాకు కురిడీ గోడౌన్ తలుపు తీసినట్టయింది. అదే తీపి, అదే నూనె వాసన. ఇంక ఆగలేక "కొకోనట్" అన్నాను, గట్టిగానే అన్నాను. గైడు నవ్వి, "నో సర్, వెనిలా, స్మోక్" అన్నాడు. దాంతో అయిపోయేది. మా బావగారు అందరి వైపూ తిరిగి, ఇంగ్లీషులో, వీళ్లది కోనసీమ, గ్లాసులో ఏం పోసినా కొబ్బరే అంటారు అన్నారు. పుణె నుంచి వచ్చిన జంట నవ్వింది, వెనకాల నలుగురు కుర్రాళ్లు నవ్వారు. చివరికి నేనూ నవ్వాను చూశారూ, అదే ఇంకా మండుతోంది.

ఆ రాత్రి షిరిడీ రూములో పడుకుని ఫోన్లో వెతికాను. ఆ పీపాలు చేసే ఓక్ చెక్కలో లాక్టోన్లనే పదార్థాలు ఉంటాయట. పీపాలో దాచిన వైన్‌కి అవి కొబ్బరి వాసన ఇస్తాయట. ఫ్రెంచి ఓక్ కంటే అమెరికన్ ఓక్ అయితే ఇంకా ఎక్కువట. వెనిలా కూడా ఆ చెక్కదే, పొగ వాసన కూడా పీపాని లోపల కాల్చడం వల్ల వచ్చేదే. అంటే నేను చెప్పింది కరెక్టు! కార్డు చూడకుండా, ఉత్త ముక్కుతో చెప్పాను. ఆ పేజీ మా బావగారికి పంపించాను. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. రంగు కలుపుతారా అన్న ఆయన గుడ్ క్వశ్చన్, నేను నవ్వులాట.

గైడు మీద నాకు అంత కోపం లేదులెండి. వాడి ఉద్యోగం వాడిది, కార్డులో రాసింది చెప్పాడు. నా కోపం ఎవరి మీదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఆ కుర్రాడు చివర్లో ఒక మాట చెప్పాడు. కొన్ని వైన్లకి బయట నుంచి ఈస్టు వెయ్యరట, గాలిలో, తోటలో ఉండే ఈస్టుతో దానంతట అదే పులుస్తుందట, అది చాలా స్పెషల్ అట. మా బావగారు కళ్లు మూసుకుని "వావ్" అన్నారు. ఆ వావ్ వినగానే నాకు రెండేళ్ల కిందటి సంక్రాంతి గుర్తొచ్చింది.

మా ఊళ్లో కల్లు గీసే బాబాయ్ ఉన్నాడు. చుట్టం కాదు, ఊరంతా బాబాయ్ అనే పిలుస్తారు. అరవై దాటాయి, ఇంకా మోకు వేసుకుని చెట్టెక్కుతాడు. అల్లుడుగారు వచ్చారని తెల్లవారుజామున దింపిన ఈత కల్లు, నురగ ఇంకా చల్లారని కల్లు, మా వాకిట్లోకి తెచ్చాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. దానికి ఈస్టు ఎవరు వేశారండీ? కుండలో పడ్డ దగ్గర్నుంచి దానంతట అదే పులుస్తుంది, పొద్దున్న తీపి, మధ్యాహ్నానికి పులుపు, మర్నాటికి ఇంక నోట పెట్టలేం. పులవకూడదనుకుంటే కుండకి లోపల సున్నం రాసి నీరా దింపుతారు. ఇదంతా బాబాయ్‌కి కార్డు లేకుండా తెలుసు. మా బావగారు గ్లాసులోకి తొంగి చూసి "ఇందులో చీమ ఉంది, ల్యాబ్ టెస్ట్ చేయించారా?" అన్నారు. బాబాయ్ ఆ గ్లాసు వెనక్కి తీసుకుని, తన తుండుతో చేతులు తుడుచుకుని, "అలవాటు లేదేమోలెండి, ఆయ్" అని వెళ్లిపోయాడు. మళ్లీ మా వాకిట్లోకి రాలేదు.

కల్తీ కల్లు గురించి కామెంట్లో చెప్పకండి, నాకూ తెలుసు, 2025లో కూకట్‌పల్లిలో మనుషులు పోయారు. నేను మాట్లాడేది చెట్టు కింద నిలబడి తాగే కల్లు గురించి. నాసిక్ వైన్‌కి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే గుర్తింపు, ఉంది, 2023లో మన ఆత్రేయపురం పూతరేకులకీ వచ్చింది, అదే ఏడాది హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ కూడా పెట్టారు. ఏసీలో కూర్చుని తాగితే నీరా, గట్టు మీద నిలబడి తాగితే చీమ.

అసలు ఆ ఈత చెట్లు ఇప్పుడు లేవు. నాన్న అక్కకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం ఇరవై సెంట్లు గట్టు మీదవే అవి. బావగారు ఆ భూమిని రొయ్యల చెరువుకి లీజుకిచ్చారు. చెరువు తవ్వేవాడికి గట్టు వెడల్పు కావాలట, ఈత చెట్లూ తాడి చెట్లూ ఒక్క పూటలో పొక్లెయిన్‌తో లాగేశారు. ఇప్పుడు పక్కనున్న నా కొబ్బరి చెట్లకి ఉప్పు తగిలింది. ఆకు పసుపెక్కుతోంది, పిందె రాలుతోంది, దిగిన కాయ కూడా పిడికెడే ఉంటోంది. పోయినేడాది ఫోన్ చేసి చెప్తే "ఉప్పు వల్లేనని ప్రూఫ్ ఏది?" అన్నారు. ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు నేను తేవాలన్నమాట. అక్క అడ్డుపడి "నువ్వు ఊరుకోరా" అంది. ఊరుకున్నాను. రైల్లో కూడా ఊరుకున్నాను. ఏసీ బోగీ నుంచి మా దగ్గరికి వచ్చి, "నీ కొబ్బరి జోకు మా ఆఫీసు గ్రూపులో పెట్టాను" అన్నప్పుడు కూడా ఊరుకున్నాను.

ఈ సంక్రాంతికి నాలుగు రోజులు ఉంటామని ఇందాకే అక్క ఫోన్ చేసింది. రమ్మన్నాను. సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్తున్నాను, ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియడం లేదు. ఒక్క ముంత ఇస్తే చాలు. అమ్మ ఉద్ధరిణితో కొలిచి పోస్తాను బావగారికి.