సవరణ: 1987లో శ్రీలంకకు మన సైన్యం

నిన్నటి పోస్టులో ‘శ్రీలంక వద్దంటున్నా 1987లో భారత్ సైన్యాన్ని దింపింది’ అని రాశాను. తప్పు. సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డ్ సుబేదార్ గారు ఫోన్ చేసి మరీ సరిదిద్దారు.

నేను రెండు సంఘటనలు కలిపేశాను. అనుమతి లేకుండా చేసింది జూన్ 4న: మన ఏఎన్-32 రవాణా విమానాలు ఉత్తర శ్రీలంకలోని జాఫ్నా మీద ఆహారం, మందులు జారవిడిచాయి. కొలంబో దాన్ని గగనతల ఉల్లంఘన అంది. ముందురోజు పడవల్లో పంపిన సరుకును వాళ్ల నౌకాదళం వెనక్కి పంపేసింది లెండి.

సైన్యం వెళ్లింది మాత్రం జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నాకే. ముందుగా వెళ్లింది మన సికింద్రాబాద్ 54వ డివిజనే. ఇక్కడే ఉంటూ అది మర్చిపోవడం సిగ్గుగా ఉంది. అదే సైన్యం అక్టోబరుకల్లా అక్కడి తమిళ వేర్పాటువాద సంస్థ ఎల్‌టీటీఈతోనే పోరాడాల్సి వచ్చింది. నిన్న రాసిన ఆ భాగంలో మార్పేమీ లేదు.