గైగాక్స్ తీసిన గొయ్యి

బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి ఆడే అమెరికన్ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని రూపకర్త గ్యారీ గైగాక్స్ గురించి ఎవరు రాసినా చివరికి ఒకే కథ చెబుతారు. పాపం, తను పెట్టిన కంపెనీయే ఆయన్ని బయటికి గెంటేసిందని. అది నిజమే. 1985 అక్టోబరులో భాగస్వాములైన బ్లూమ్ సోదరులు తమ వాటాలు లొరైన్ విలియమ్స్‌కి అమ్మేయడంతో ఆ ఆటను అచ్చువేసే టీఎస్ఆర్ కంపెనీ గైగాక్స్ చేతుల్లోంచి జారిపోయింది. కోర్టుకెక్కినా లాభం లేకపోయింది. ఈ కథకు ముందు భాగం ఒకటుంది, దాన్ని మాత్రం అభిమానులు చప్పుడు చేయకుండా దాటేస్తారు. తనకు జరిగినదాన్ని అంతకు ముందే ఇంకొకరికి చేసి చూపించింది గైగాక్సే.

ఆ ఇంకొకరి పేరు డేవ్ ఆర్నెసన్. 1972 చివర్లో మినెసోటా నుంచి విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకి వచ్చి, గైగాక్స్‌తో తన ‘బ్లాక్‌మూర్’ ఆట ఆడించాడు. అప్పటికి గైగాక్స్ చేతిలో ఉన్నవి బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాల నియమాలు. ఆర్నెసన్ ఆటలో ఒక్కో ఆటగాడికి సైన్యం ఉండదు, ఒక్క మనిషే. ఆ మనిషి ఈ వారం బతికి బయటపడితే వచ్చే వారం మరింత రాటుదేలి తిరిగొస్తాడు. కోట కింద నేలమాళిగల్లో దేనికోసమో వెతుకుతాడు. ఈరోజు ఫోన్లో ‘లెవెల్ పెరిగింది’ అని మురిసిపోయే ప్రతి కుర్రాడూ ఆ బల్లకి బాకీ ఉన్నాడు.

దాంట్లోంచి పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని 1974లో వెయ్యి కాపీలు వేశారు. కలప రంగు అట్టపెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, ధర పది డాలర్లు. వాటి మీద గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. 1977 నుంచి 1979 దాకా ‘అడ్వాన్స్‌డ్’ అనే మాట చేర్చి మూడు గట్టి అట్ట పుస్తకాలు తెచ్చారు. వాటికి రచయిత గైగాక్స్ ఒక్కడే. ఇది వేరే ఆట కాబట్టి ఆర్నెసన్‌కి రాయల్టీ అక్కర్లేదన్నది కంపెనీ వాదన. విచిత్రమేమిటంటే, 1979 నాటి పుస్తకం చివర తనకు ప్రేరణనిచ్చిన నవలా రచయితల జాబితా ఒకటి గైగాక్స్ ఎంతో శ్రద్ధగా ఇచ్చాడు. తన ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషికి మాత్రం రచయితగా చోటు దొరకలేదు. ఆర్నెసన్ ఆ ఏడాదే దావా వేశాడు. 1981లో రాజీ కుదిరాకే లెక్క తేలింది.

గైగాక్స్ తరఫు వాళ్లు చెప్పేదీ కొట్టిపారేయదగింది కాదు. ఆర్నెసన్ పంపినవి చేతిరాత నోట్సు, వాటిని చదివి ఆడటం ఇంకొకరి తరం కాదు. ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పులు బాగుచేసుకుంటూ, రాత్రుళ్లు టైప్‌రైటర్ ముందు కూర్చుని దాన్ని ఆటగా మలిచింది గైగాక్స్. పెట్టుబడి కోసం స్నేహితుడు డాన్ కే తన జీవిత బీమా మీద అప్పు తెచ్చాడు. సరే, ఒప్పుకుందాం. ఆ కష్టం చూస్తే గైగాక్స్ పేరు ముందు రావాలనొచ్చు. రెండో పేరు ఎగరగొట్టడానికి మాత్రం అది సాకు కాదు.

తరువాత ఏం జరిగిందో చూడండి. టీఎస్ఆర్ వదిలి వెళ్లేటప్పుడు ఆట కోసం గైగాక్స్ అల్లిన గ్రేహాక్ అనే కల్పిత ప్రపంచం మొత్తం కంపెనీకి పోయింది. ఆయనకు మిగిలినవి తన నవలల హీరో గోర్డ్, ఇంకా యరాగ్ లాగా తన పేరు ఇంగ్లిష్ అక్షరాల్నే తిరగేసి, మెలితిప్పి పెట్టుకున్న కొన్ని పాత్రలు. అంతే. 1988లో గోర్డ్ చివరి నవలలో గ్రేహాక్ ఉన్న లోకాన్నే నాశనం చేసేశాడు. కసి కాకపోతే ఏమిటది? బయట కంపెనీ మాత్రం అదే గ్రేహాక్‌ని నిక్షేపంలా అమ్ముకుంటూనే ఉంది. 1992లో వేరే సంస్థ నుంచి ‘డేంజరస్ జర్నీస్’ అనే కొత్త ఆట తెచ్చాడు. దానికి మొదట అనుకున్న పేరులో, డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో లాగే, రెండు ‘డి’లు పక్కపక్కన ఉన్నాయని అభ్యంతరం వస్తే పేరు మార్చాడు. అయినా టీఎస్ఆర్ దావా వేసింది. 1994లో రాజీ పేరుతో ఆ ఆటనూ కొనేసి మూలన పడేసింది. ఒకప్పుడు ఆర్నెసన్ మీద వాడిన కత్తే ఇది: రాసింది ఎవరైనా హక్కు కంపెనీదే.

2014 నాటి అయిదో ఎడిషన్‌లో అసలు ఆటను సృష్టించినవాళ్లుగా గైగాక్స్, ఆర్నెసన్ ఇద్దరి పేర్లూ వేశారు. అప్పటికి ఇద్దరూ లేరు. గైగాక్స్ 2008లో, ఆర్నెసన్ 2009లో పోయారు. అది కూడా టీఎస్ఆర్‌ని తరువాత కొనుక్కున్న కొత్త యజమానుల మర్యాదే.

మన చట్టం ఈ విషయంలో కొంత మెరుగు. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు అమ్మేసినా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. 2012 సవరణతో సినిమా పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీలో వాటా కూడా దక్కింది. హైదరాబాద్ స్టూడియోలో నెల జీతం మీద ఆట కథలు, పాత్రలు అల్లే కుర్రాళ్లకు మాత్రం ఆ రాయల్టీ వర్తించదు. ఉద్యోగంలో భాగంగా రాస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు, 17వ సెక్షన్ కింద మొదటి యజమాని కంపెనీయే. పేరు కోసం కోర్టుకెళ్లి ఉద్యోగం పోగొట్టుకునేది ఎవరు? గేమింగ్ పరిశ్రమ కోసం తెలంగాణ 2016లోనే ‘ఇమేజ్’ పాలసీ తెచ్చింది. ప్రభుత్వం నుంచి రాయితీ తీసుకునే ప్రతి స్టూడియోకీ ఒక్క షరతు పెట్టాలి: ఆట మీద పనిచేసిన ప్రతి ఒక్కరి పేరూ, మధ్యలో ఉద్యోగం మానేసినవాళ్లతో సహా, ఆ ఆటలోనే కనిపించాలి.