ఎలివేషన్ మహాత్మ్యం

మా మేనమామకు రేణిగుంట రోడ్డుకు కాస్త లోపలగా, పడమటి ముఖంగా, నాలుగంతస్తుల కాంప్లెక్స్ ఉంది. కింద బట్టల షాపు, దాని మీద కోచింగ్ సెంటర్, ఆ పై రెండంతస్తులూ లాడ్జి. అద్దెల లెక్క నేను చూస్తాను. ఆ ఒక్క అర్హతతోనే ఇవాళ కమర్షియల్ బిల్డింగ్ ఓనర్లందరి తరఫున వాళ్ల గోడు వెళ్లబోసుకుందామని కూర్చున్నాను. రైతు గోడు రాసేవాళ్లున్నారు, నేతన్న గోడు రాసేవాళ్లున్నారు. కాంప్లెక్స్ ఓనరు గోడు ఎవరికీ పట్టదు.

గోడు ఏమిటంటే, ప్రభుత్వం మా మామను కరెంటు పొదుపు చెయ్యమంటోంది.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కాదు. 2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టం చేసింది. మరుసటేడు ఢిల్లీలో దానికొక బ్యూరో వెలిసింది. ఫ్రిజ్‌ల మీదా ఏసీల మీదా స్టార్లు అంటించేది ఆ బ్యూరో పుణ్యమే. స్టార్లతో సరిపెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోను. 2007లో ఏకంగా బిల్డింగులకే నియమావళి రాశారు. ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) అంటారు. 2014లో మన రాష్ట్రమూ దాన్ని తలకెత్తుకుంది. 2017లో ఢిల్లీవాళ్లు ఇంకో బిగువు బిగించారు. గోడ ఎంత వేడి ఆపాలి, మిద్దె ఎంత ఎండను తిప్పికొట్టాలి, అద్దం ఎంత ఉండాలి, లైట్లకు ఎన్ని వాట్లు, అన్నీ అందులో ఉన్నాయి. స్థలం మామది, డబ్బు మామది, బ్యాంకు అప్పు కూడా మామదే. మధ్యలో వీళ్ల లెక్కలేంది?

ఎంత గట్టి నియమావళికైనా ఒక సందు ఉంటుంది. ఇది 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు (బిగించిన కరెంటు సామాన్లన్నిటి వాట్లు కలిపి) గానీ, 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (ఇంతకు మించి వాడమని కరెంటువాళ్లకు రాసిచ్చిన లెక్క) గానీ, అంతకు పైన గానీ ఉన్న కమర్షియల్ బిల్డింగులకే వర్తిస్తుంది. మా తాత పోయాక నాలుగెకరాల మామిడితోట పంచుకోవడానికి కొడుకులకు పద్దెనిమిదేళ్లు పట్టింది. రెండు కేసులు, ఒక తలకాయ పగలడం. అదే ఇంట్లో కాంప్లెక్స్ లోడు పంచుకోవడానికి కాఫీ తాగినంత సేపు పట్టింది. షాపు మీటరు మామ పేరున, కోచింగ్ సెంటర్ మీటరు అత్త పేరున, లాడ్జి రెండు ముక్కలై ఒకటి బెంగళూరులో ఉన్న అత్త తమ్ముడి పేరున, రెండోది నా పేరున. ఏ మీటరూ వందను తాకదు. ఉమ్మడి కుటుంబాలు విడిపోతున్నాయని బాధపడేవాళ్లు ఒకసారి మా మీటర్ల గది చూసిపోవాలి. అంత సామరస్యంగా విడిపోయిన కుటుంబం జిల్లాలో ఇంకోటి ఉండదు.

ఇక అసలు సంగతి ఎలివేషన్, అంటే రోడ్డు మీంచి కనబడే బిల్డింగు ముఖం. మా ఊళ్లో కమర్షియల్ బిల్డింగ్ అంటే గదులు, మెట్లు, నీళ్లు కాదు. అవన్నీ తర్వాత. ముందు ఎలివేషన్. మా పడమటి గోడ కింది నుంచి పైదాకా నీలం అద్దం, అంచుల్లో ఎర్ర ఏసీపీ (అల్యూమినియం పూత) షీటు. 2017 నియమావళి ప్రకారం బయటి గోడల విస్తీర్ణంలో అద్దం 40 శాతానికి మించకూడదు. ఈ మాట వినగానే మామ నవ్వాడు. "నలభై మార్కులొచ్చిన పిల్లోడి ఫొటో ఎవరైనా ఫ్లెక్సీలో వేస్తారా అల్లుడూ?" అన్నాడు. పైన కోచింగ్ సెంటర్ ఉన్న ఓనరు అంతకన్నా ఎలా ఆలోచిస్తాడు!

పైగా అద్దం కూడా ఏది బడితే అది కాదంట. మీద పడే ఎండ వేడిలో 27 శాతానికి మించి లోపలికి పంపని రకం కావాలంట. సాదా అద్దం 80 శాతం దాకా పంపిస్తుంది, రంగుది కొంచెం తక్కువ. మామ వాదన ఏమిటంటే, వాకిట్లోకి వచ్చినవాణ్ణి మూడొంతులు బయటే నిలబెట్టి తరిమెయ్యడం మన సంప్రదాయం కాదు. అందులోనూ వచ్చింది సాక్షాత్తూ సూర్యనారాయణుడు.

దీన్నిబట్టి మామకు నియమాలంటే గిట్టదని అనుకునేరు. సిద్ధాంతి చెప్పాడని కట్టిన సెప్టిక్ ట్యాంకు పూడ్పించి పదడుగులు జరిపించాడు. మెట్లు మూడుసార్లు చోటు మారాయి. పడమర, దక్షిణం బరువుగా ఉండాలి, తూర్పు, ఉత్తరం తేలిగ్గా వదలాలి అన్నాడు సిద్ధాంతి. చిత్రమేమిటంటే ఇంజినీరు పిల్లోడూ అటూ ఇటుగా అదే చెప్పాడు. పడమటి ఎండ సాయంత్రం అడ్డంగా వచ్చి కొడుతుంది, పైన సజ్జ వేసినా ఆగదు, ఆ వైపు గోడ దిట్టంగా కట్టి కిటికీలు తగ్గించండి సార్ అని. శాస్త్రం, సైన్సు రెండూ కలిసి ఎలివేషన్ మీద పడ్డ ఘట్టం అది. సిద్ధాంతే గట్టెక్కించాడు. "అద్దం కూడా బరువే కదా సామీ. నలుగురు మోస్తే గానీ లేవదు."

మే నెలలో ఒక మధ్యాహ్నం మూడున్నరకు నేను ఆ అద్దానికి లోపలి వైపు అరచెయ్యి ఆనించాను. ఇడ్లీ పాత్ర మూత గుర్తొచ్చింది. పడమటి ఎండ సూటిగా తగిలే వేళ చదరపు మీటరుకు ఐదారు వందల వాట్ల వేడి పడుతుంది. రెండు చదరపు మీటర్లకు ఒక ఇస్త్రీపెట్టె అనుకోండి. ఆ లెక్కన మా ఎలివేషన్ మీద రోజూ వంద ఇస్త్రీపెట్టెలు ఆన్‌లో ఉంటాయి. బట్టల షాపు కాబట్టి తప్పు పట్టడానికి లేదు.

ఆ వేడిని తోడిపోయడానికి షాపులో 22 టన్నుల ఏసీలున్నాయి. టన్ను అంటే ఏసీ బరువని షాపులో సగం మంది నమ్మకం. కాదు. టన్ను మంచు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి తాగుతుందో, అంత వేడిని రోజులో బయటికి తోడే శక్తి. అంటే ఏసీలు రోజంతా ఆడితే 22 టన్నుల మంచుదిమ్మలు లారీల్లో తెచ్చి అద్దం వెనకాల దించినట్టు. మళ్లీ రేపు 22 టన్నులు.

ఇంతకీ ఆ అద్దం వెలుతురు కోసం పెట్టింది. మొదటి నెలలోనే అద్దం పక్కన వేలాడదీసిన పట్టుచీరలు ఒకవైపు వెలిసిపోయాయి. చిలకపచ్చ చీర కొంగు మామిడాకు రంగు, కుచ్చిళ్లు ఎండుటాకు రంగు. షాపాయన వెంటనే అద్దం వెనక నిలువెత్తు ప్లైవుడ్ కొట్టించి ర్యాకులు పెట్టాడు. బయటి నుంచి ఆషాఢం ఆఫర్ ఫ్లెక్సీ అంటించాడు. ఆషాఢం పోయినా ఫ్లెక్సీ పోలేదు. ఇప్పుడు పట్టపగలు పన్నెండింటికి లోపల లైట్లన్నీ వెలుగుతుంటాయి. అద్దానికీ ప్లైవుడ్‌కూ మధ్య జానెడు సందులో రెండు బల్లులు వడియాల్లా ఎండి ఉన్నాయి. ఎలివేషన్‌ను పూర్తిగా అనుభవించినవి ఆ రెండే.

తిరుమల కొండ మీద 2002లోనే ఎండతో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండే ఏర్పాటు చేశారు. కొండ కింద మేమేం తక్కువ తినలేదు. ఏ పరికరమూ లేకుండా, సబ్సిడీ అడక్కుండా, అదే ఎండతో పన్నెండుమంది సేల్స్ పిల్లల్ని వండుతున్నాం.

మిద్దె సంగతి రెండు ముక్కల్లో. పడ్డ ఎండలో కనీసం 60 శాతం తిప్పికొట్టేలా మిద్దె తెల్లగా ఉండాలంటుంది నియమావళి. వాన కారుతోందని మామ నల్లటి తారు షీటు పరిపించాడు. రాత్రి పదకొండుకు కూడా నాలుగో అంతస్తు గదుల్లో శ్లాబు సెగ కక్కుతుంటుంది. ఆ గదులను లాడ్జివాళ్లు ముందుగా ఉత్తరాది యాత్రికులకు ఇస్తారు. భాష రాక గొడవ పెట్టుకోరని.

లాడ్జిలో తాళానికి కార్డు ఉంటుంది. తలుపు పక్కన చీలికలో దాన్ని గుచ్చితేనే గదికి కరెంటు. తీసుకుపోతే అన్నీ ఆరిపోతాయి. కరెంటు పొదుపు విషయంలో మా కాంప్లెక్స్ చేసిన ఒకే ఒక్క పాపం అది. భక్తులు రెండోరోజుకే పరిహారం కనిపెట్టారు. నేను చూసినంతలో ఆ చీలికలో దువ్వెన, ఆధార్ జిరాక్స్ మడత, ఒకసారి శుభలేఖ ముక్క. ఏసీ 16లో పెట్టి, దువ్వెన గుచ్చి, కుటుంబమంతా కొండకు పోతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో వాళ్లు పదిగంటలు చెమటలు కక్కుతుంటే, కింద వాళ్ల సూట్‌కేసు చల్లగా విశ్రాంతి తీసుకుంటుంది. స్టార్ ఉన్న గది ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 చూపించాలని 2020 జనవరి నుంచి రూలు ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని బ్యూరో చెబుతుంది. 24 కనబడుతుంది, నిజమే. 16 దాకా దించడానికి ఎనిమిదిసార్లు నొక్కాలి. దర్శనానికి అంత ఓపిక పట్టేవాళ్లకు ఇదొక లెక్కా?

ఇంజినీరు పిల్లోడు ఊరికే ఉండలేదు. లోడు వందకు తగ్గినా సరే, నియమావళి పద్ధతిలో కట్టండి సార్ అని లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. మంచి అద్దానికి ఇంత ఎక్కువ, మిద్దె మీద వేడి ఆపే పొరకు ఇంత, కరెంటు బిల్లులో నెలకు ఇంత మిగులుతుంది, కొన్నేళ్లలో పెట్టింది తిరిగొచ్చేస్తుంది, ఆ తర్వాత అంతా లాభమే అని గీతలు చూపించాడు. మామ చాలా శ్రద్ధగా విన్నాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అంతా బాగుండాది నాయనా. ఆ మిగిలేది ఎవరికి?"

"అద్దెకున్నవాళ్లకు సార్. బిల్లు వాళ్లు కడతారు కదా."

"పెట్టేది?"

పిల్లోడు లాప్‌టాప్ వైపు చూశాడు. అందులో దానికి గీత లేదు.

ఈ దేశంలో 2001 నుంచి జరుగుతున్న ప్రయత్నమంతా మా మామ వేసిన ఈ రెండు ప్రశ్నల దగ్గర ఆగిందని నా నమ్మకం. అద్దం మామది, ఎండ షాపాయనది. ఏసీ కొన్నది షాపాయన, బిల్లు షాపాయనది, ఆ బిల్లు చివరికి చేరేది చీర ధరలోకి. లాడ్జి లీజుకిచ్చాం కాబట్టి అక్కడి బిల్లు గది అద్దెలోకి పోతుంది. ఎక్కడో కర్నూలు నుంచి మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషి మా నీలం అద్దానికి నెలనెలా కొంచెం కొంచెం కప్పం కడుతున్నాడు, ఆయనకే తెలియదు. మామకు చెందేది ఎలివేషన్ ఒక్కటే. అది ఫొటోలో బాగా వస్తుంది. ఫొటోలో ఉక్కపోత రాదు.

పిల్లోడు ఆఖరి అస్త్రంగా చంద్రగిరి కోటలో రాజమహల్ గుర్తుచేశాడు. రాయి, ఇటుక, సున్నం తప్ప కర్ర ముక్క వాడని కట్టడం, ఆ గోడల మందం చూడండి సార్, ఎండాకాలంలో లోపలికి పోతే హాయిగా ఉంటుంది అని. మామ చూడలేదనుకున్నాడు పాపం. చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి మామ పడుకున్నది అక్కడే.

"చూసినా నాయనా. ఆ గోడ మందంలో నేను రెండు షాపులు అద్దెకిస్తా" అన్నాడు.

నాలుగు నెలల కిందట ఎలివేషన్ ముందు కానుగచెట్టు మీద చర్చ వచ్చింది. మా తాత నాటింది. రెండో అంతస్తు దాకా నీడ పరుస్తుంది. షాపుకు కుడివైపు ర్యాకుల్లో చీరలు వెలవకపోవడానికి ఆ చెట్టే కారణమని షాపాయన మొత్తుకున్నాడు. కానీ రోడ్డు మీంచి చూస్తే నీలం అద్దంలో మూడోవంతు కనబడటం లేదు. అంత డబ్బు పోసి పెట్టింది ఆకులు చూపించడానికా? ఒక ఆదివారం రంపం తెచ్చి కోసేశారు.

మామ అద్దె వసూలుకు వచ్చేది నెలకొకసారి, ఒకటో తారీఖు. ఎప్పుడూ పొద్దున్నే ఏడింటికి వచ్చి, లోపలికి రాకుండా చెట్టు కింద కుర్చీ వేయించుకుని డబ్బు లెక్కపెట్టుకుని పోయేవాడు. పోయిన నెల ఏదో పెళ్లి ఉండి ఆలస్యమైంది. మధ్యాహ్నం రెండున్నరకు వచ్చాడు. స్కూటరు ఆపి, దిగకుండా, చెట్టు మొద్దు వైపు ఒకసారి, అద్దం వైపు ఒకసారి చూశాడు. అద్దంలోంచి తిరిగొచ్చిన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నీడ యాడుందిరా అల్లుడూ, సీటు కాల్తా ఉండాది" అన్నాడు.

ఎదురుగా రోడ్డు అవతల పాత పెంకుటింటి పంచ చూపించాను. ఆ ఇంటాయన లోపలి నుంచి వచ్చి మామకు మంచినీళ్లిచ్చి, ఈ ఇల్లు కూడా పడగొట్టి కాంప్లెక్స్ కడదామనుకుంటున్నాను, ఎలివేషన్ ఎవరు చేశారో కొంచెం చెప్పండి అని అడిగాడు.