మహారాజశ్రీ గ్రూప్ ట్యుటోరియల్ గారికి

ఆర్యా,

ఉభయకుశలోపరి. దూరవిద్యలో చదువుకునే మా అందరికీ ఆన్‌లైన్లో ఉమ్మడి పాఠంగా శనివారం సాయంత్రం 7 గంటలకు తమరు దయచేస్తున్నారని కబురందగానే ఆఫీసు పనీ ఇంటి పనీ తెముల్చుకుని, అయిదు నిమిషాల ముందే చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాను. తీరా మొదటి పావుగంట "నా మాట వినిపిస్తోందా?" అన్న ప్రశ్నకే సరిపోయింది. ఆ సాయంత్రం మేమంతా ముక్తకంఠంతో జవాబు చెప్పిన ప్రశ్న అదొక్కటే.

ఆ తరువాత ట్యూటర్ గారు 40 స్లైడ్లు పొల్లుపోకుండా చదివారు. చదవడం మాకూ వచ్చు స్వామీ! పైగా అవి ముందురోజే మాకు చేరాయి. చివర "సందేహాలుంటే అడగండి" అన్నారు. తెర మీద 37 నల్ల చదరాలు, ఒక్కోదాని మూలన గీత కొట్టిన మైకు బొమ్మ. 16 సెకన్లు లెక్కపెట్టాను. "అయితే అందరికీ అర్థమైందన్నమాట" అని ఆయన సంతోషించారు. మమ్మల్నీ వెనకేసుకురాను లెండి. పాఠం చదివి వచ్చినవాళ్లం ఇద్దరమో ముగ్గురమో. మిగిలినవారికి తమరు ఒక హాజరు పట్టీ.

తమరి విశ్వరూపం చూడాలంటే మాత్రం మమ్మల్ని జట్లుగా విడదీసే తెర మీది ఆ చిన్న గదుల్లోనే చూడాలి. నలుగురిని ఒక గదిలోకి తోసి, 10 నిమిషాలు గడువిచ్చి, "చర్చించుకోండి" అంటారు. మొదటి అయిదు నిమిషాలూ పెళ్లిచూపులే. "మీరు చెప్పండి." "పర్వాలేదండి, ముందు మీరే." ఆరో నిమిషంలో ఒకావిడ మెల్లగా అడిగింది: "రెండో అసైన్‌మెంటు ఎప్పటికి ఇవ్వాలండీ?" అంతే, నాలుగు మైకులూ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఎవరికి మార్కులు ఎక్కడ తెగ్గోశారో బయటపడింది. వారం రోజులుగా నాకు కొరుకుడుపడని ప్రశ్నను ఆవిడ రెండు మాటల్లో విప్పింది. సరిగ్గా అప్పుడే గడువు ముగిసి, మమ్మల్ని పెద్ద గదిలోకి ఈడ్చేశారు. "చర్చ బాగా జరిగిందండి" అని విన్నవించుకున్నాము.

దూరవిద్యలో అసలు దూరం చెప్పేవారికీ నేర్చుకునేవారికీ మధ్య అవగాహనలో ఉంటుందనీ, సంభాషణ తగ్గినకొద్దీ అది పెరుగుతుందనీ మైకేల్ మూర్ అనే విద్యావేత్త ఏనాడో సిద్ధాంతీకరించారు. ఆ లెక్కన తమరి సమక్షంలోనే మేము చదువుకు ఆమడ దూరంలో ఉన్నాము. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ టపాలో షార్ట్‌హ్యాండ్ నేర్పుతూ, విద్యార్థులు రాసి పంపినవి దిద్ది తిప్పి పంపేవాడు. టపా సంచికి ఉన్నపాటి బదులిచ్చే గుణం తమరికి లేకపోయె.

అన్నట్టు, ఈ ట్యూటర్ గారే నా మొదటి అసైన్‌మెంటు అంచున "మీ అభిప్రాయం మధ్యలోనే ఎందుకు ఆపేశారు?" అని రాశారు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని రెండు రాత్రులు కూర్చున్నాను. అలాంటి మనిషి తమరి గడప తొక్కగానే స్లైడ్లు చదువుతారు. ఏం మందు పెడుతున్నారు?

ఇట్లు,
37వ చదరం

తా.క.: నా సందేహం అలాగే ఉంది. చేయెత్తిన బొమ్మ నొక్కేసరికి "ఇక సెలవు" అన్నారు.